నడుము చాకు: నార్డిక్ దేశాల పనిముట్టును ఎంచుకోవడం, వాడడం, పదును పెట్టడం

స్వీడన్‌లో ఇల్లు కడుతున్న చోటికి వెళ్లినా, ఫిన్లండ్‌లో సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల దగ్గరికి వెళ్లినా, నార్వే కొండల్లో గొర్రెల కాపరులను చూసినా ఒక వస్తువు తరచూ కనిపిస్తుంది. బెల్టుకు వేలాడే, అరచేతి వెడల్పంత బ్లేడు ఉన్న చిన్న చాకు. దాంతో అట్టపెట్టెలు కోస్తారు, తాళ్లు తెంపుతారు, కొయ్యచీలలు చెక్కుతారు, చేప శుభ్రం చేస్తారు, మధ్యాహ్నం రొట్టెకు వెన్న కూడా దాంతోనే రాసుకుంటారు. పని అయిన మరుక్షణం అది ఒరలోకి వెళ్లిపోతుంది.

స్టాక్‌హోమ్, గోథెన్‌బర్గ్, హెల్సింకి, ఎస్పో వైపు ఉద్యోగాలకు వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది మొదటి వేసవిలోనే అడవి బాట పడతారు. అక్కడి మిత్రుల చేతిలో ఈ చాకు చూసి ఒకటి కొంటారు. కొన్న పదును నాలుగు నెలల్లో పోతుంది. ఆ తర్వాత అది పార్సిళ్లు విప్పడానికే మిగులుతుంది. చాకు చేతిలో ఉండడం వేరు, దాంతో పని చేయడం వేరు. ఎలా కూర్చోవాలి, ఎలా పట్టుకోవాలి, ఎలా నూరాలి అనే మూడూ నేర్చుకుంటే చవక చాకు కూడా జీవితాంతం పనిచేస్తుంది. ఈ మూడింటిలో నూరడమే ముఖ్యమని నా గట్టి నమ్మకం. అందుకే ఆ భాగాన్ని కాస్త పొడవుగా రాశాను.

చాకును చదవడం

సంప్రదాయ నార్డిక్ చాకు బ్లేడు పొడవు సాధారణంగా 8 నుంచి 10 సెంటీమీటర్లు, మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లు. వెన్ను దాదాపు తిన్నగా ఉంటుంది. పదును ఒకవైపే. దీని అసలు రహస్యం పక్కభాగంలో ఉంది. బ్లేడు సగం ఎత్తు వరకు చదునుగా దిగి, అక్కడి నుంచి ఒకే ఏటవాలుగా అంచు దాకా జారుతుంది. వంటింటి కత్తులకు అంచు దగ్గర మరో చిన్న ఏటవాలు ఉంటుంది. సంప్రదాయ పద్ధతిలో చేసిన వీటికి అది ఉండదు. రెండు వైపుల కోణాలూ కలిపితే సుమారు 20 నుంచి 25 డిగ్రీలు.

ఆ వెడల్పాటి ఏటవాలు చెక్క మీద ఆనుకుని, వడ్రంగి చిత్రికలా లోతును అదుపు చేస్తుంది. చాకును కొంచెం పైకి వంచితే పలుచటి పొర లేస్తుంది, కొంచెం కిందికి దించితే లోతుగా దిగుతుంది. నూరేటప్పుడు కూడా ఇదే ఆసరా. కోణం ఎంతో ఊహించనక్కర్లేదు, ఏటవాలును రాయి మీద ఆనిస్తే చాలు.

బ్లేడు నుంచి సన్నని ఇనుప తోక ఒకటి పిడి లోపలికి వెళుతుంది. పిడి చుట్టూ ఇనుము బయటికి కనిపించదు. మైనస్ 25 డిగ్రీల చలిలో పట్టుకునే చేతికి లోహం తగలకూడదు కదా. పిడి ఎక్కువగా బిర్చ్ చెక్కతో చేస్తారు. మన తాళపత్రాల కాలంలోనే ఉత్తరాదిన రాతకు వాడిన భూర్జపత్రాలు కూడా ఈ జాతి చెట్టువే, హిమాలయాల్లో పెరిగేది. వంకర నారతో పులిచారలు కనిపించే బిర్చ్ రకాన్ని ఫిన్లండ్‌లో ప్రత్యేకంగా పిడుల కోసం వాడతారు. బిర్చ్ బెరడు ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి, గట్టిగా బిగించి చేసే పిడి కూడా ఉంది. తడి చేతికి కూడా జారదు, చలికి చల్లబడదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పిడి అదే.

వేళ్లకు అడ్డుకట్ట ఉండకపోవడం చూసి కొత్తవాళ్లు కంగారు పడతారు. ఇది పొడవడానికి చేసిన చాకు కాదు. చెక్కేటప్పుడు బలం అంతా పిడికి దగ్గరగా ఉన్న అంచు మీద పడుతుంది, అడ్డుకట్ట ఉంటే ఆ అంచు చెక్కకు చేరువ కాలేదు. పిల్లలకు, మొదటిసారి పట్టుకునేవాళ్లకు మాత్రం వేలికి అడ్డు, గుండ్రటి మొన ఉన్న నమూనాలు దొరుకుతాయి. వాళ్లకు అవే కొనండి.

ఏది కొనాలి

స్వీడన్‌లోని దాలర్నా ప్రాంతంలో మోరా పట్టణం, దాని పక్కనే ఓస్ట్‌నూర్ అనే ఊరు ఉన్నాయి. అమెరికా వెళ్లి తిరిగొచ్చిన ఫ్రోస్ట్ ఎరిక్ ఎర్సన్ 1891లో ఆ ఊళ్లో మంచు మీద కలప మోసే జారుడు బళ్ల (స్లెడ్జిల) తయారీ మొదలుపెట్టాడు. క్రమంగా చాకుల తయారీ పెరిగి అదే అసలు వ్యాపారమైంది. ఈ రోజు మోరాక్నివ్ పేరుతో వచ్చే చాకుల మూలం అక్కడే. ఎర్రరంగు బిర్చ్ పిడితో వచ్చే క్లాసిక్, ప్లాస్టిక్-రబ్బరు పిడితో వచ్చే కంపానియన్ రెండూ పనివాళ్ల చాకులు. ధర తక్కువ, నాణ్యత ఎక్కువ.

ఫిన్లండ్‌లో కౌహవా పట్టణానిది పెద్ద పేరు. ఇసాక్కి యార్వెన్‌పా సంస్థ 1879 నుంచి అక్కడ చాకులు చేస్తోంది. గుర్రపు తల ఆకారంలో పిడి చివర ఉండే చాకు వాళ్లదే. ఆర్కిటిక్ వలయం దగ్గరున్న రొవానియెమిలో 1928లో మొదలైన మార్తీని సంస్థ చాకులు సులభంగా దొరుకుతాయి. నార్వేలో హోల్మెదాల్ అనే చోట హెల్లే సోదరులు 1932లో పెట్టిన కార్ఖానా మూడు పొరల ఉక్కుతో చాకులు చేస్తుంది. మధ్యలో గట్టి ఉక్కు, రెండు వైపులా మెత్తటి ఉక్కు. గట్టి పొర పదును నిలుపుతుంది, మెత్తటి పొరలు విరగకుండా కాపాడతాయి.

ఉత్తరాది ఆదివాసులైన సామీ ప్రజల్లో రెయిన్‌డీర్ మందలు పెంచేవాళ్లు రెండు చాకులు కట్టుకుంటారు. పొడవాటి బ్లేడు ఉండే పెద్ద చాకుతో కొమ్మలు నరుకుతారు, ఎముకలు చీలుస్తారు. చిన్న చాకుతో చెక్కుడు పని, తిండి పని, దూడల చెవులపై గుర్తులు కోయడం. వీటి పిడులకు, ఒరలకు రెయిన్‌డీర్ కొమ్ము వాడతారు, ఆ కొమ్ము మీద చెక్కిన నగిషీని బట్టి చేసినవాళ్లది ఏ ప్రాంతమో చెప్పగలిగేవాళ్లు ఉన్నారు. చాలా అందమైన వస్తువులు. మొదటి చాకుగా మాత్రం పెద్దది వద్దు.

ఉక్కు విషయంలో రెండే ప్రశ్నలు. తడి, ఉప్పునీరు, చేపల పని ఎక్కువైతే స్టెయిన్‌లెస్ తీసుకోండి. చెక్కపని ఎక్కువైతే కార్బన్ స్టీల్. కార్బన్ స్టీల్ చురుగ్గా పదునెక్కుతుంది, రాయి మీద తొందరగా లొంగుతుంది, కానీ తడిగా వదిలేస్తే రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. హైదరాబాద్‌లో వాడినా విశాఖ తేమలో వాడినా అదే సంగతి, కాకపోతే విశాఖలో ఇంకా తొందరగా. స్టెయిన్‌లెస్‌లో 12సి27 అనే స్వీడిష్ ఉక్కు నమ్మకమైనది.

నా సలహా: మొదటి చాకు 10 సెంటీమీటర్ల బ్లేడుతో, 2 మిల్లీమీటర్ల మందంతో, సాదా పిడితో ఉన్న చవకైన మోరా కొనండి. మిగిలిన డబ్బు సానరాళ్లకు పెట్టండి. 3 మిల్లీమీటర్లు దాటిన మందపాటి చాకు దృఢంగా కనిపిస్తుంది, చెక్కలోకి మాత్రం మొండికేస్తూ దిగుతుంది.

దుకాణంలో చాకును వెన్ను మీద నుంచి కంటికి ఎదురుగా పట్టుకుని బ్లేడు తిన్నగా ఉందో లేదో చూడండి. పిడి నాలుగు వేళ్లకూ సరిపోవాలి, చిటికెన వేలు గాలిలో ఉండకూడదు. పిడికి మరీ లోతైన వేళ్ల గాడులు ఉన్నవి వదిలేయండి, చెక్కేటప్పుడు పట్టు నిమిషానికోసారి మారుతుంది, ఆ గాడులు అడ్డొస్తాయి.

ఒర, నడుముకు కట్టడం

సంప్రదాయ ఒరలో చాకు పిడి సగం పైదాకా దిగిపోతుంది. బొత్తాములు, పట్టీలు అవసరం లేదు, తోలు పిడిని పట్టి ఉంచుతుంది. తోలు ఒర లోపల బ్లేడు ఆకారంలో చెక్క తొడుగు ఉంటే మొన తోలును చీల్చదు. ఒర బెల్టుకు వదులుగా వేలాడడం మంచిది, కూర్చున్నప్పుడు పిడి పొత్తికడుపులో గుచ్చుకోకుండా పక్కకు ఒరుగుతుంది.

కుడిచేతి వాటమైతే కుడి తుంటి మీద, కొంచెం వెనగ్గా. తీసేటప్పుడు ఒరను ఎడమచేత్తో పట్టి, బొటనవేలిని ఒర అంచు మీద ఆనించి చాకును పైకి తోయండి. పెట్టేటప్పుడు తప్పకుండా ఒర వైపు చూడండి. చాకును చూడకుండా ఒరలో పెట్టేటప్పుడు గాయాలు సులభంగా అవుతాయి. చాకు వేరేవాళ్లకు ఇవ్వాల్సి వస్తే ఒరలో పెట్టి ఇవ్వండి. లేదంటే పిడి అవతలి మనిషి వైపు ఉంచి, ఆయన పట్టు బిగించి "తీసుకున్నాను" అన్నాకే వదలండి.

కూర్చునే తీరు

చెక్కడం మొదలుపెట్టే ముందు ఒరలో ఉన్న చాకును చేత్తో చాచి చుట్టూ తిప్పి చూడండి. ఆ వలయంలో ఎవరూ ఉండకూడదు. పిల్లలు వస్తే చాకు ఒరలోకి వెళ్లాలి, పని ఆగాలి.

ఒక మొద్దు మీద కూర్చుని మోకాళ్లు ఎడంగా పెట్టి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించండి. చెక్కే చోటు మోకాళ్లకు అవతల ఉండాలి. తొడల మధ్య చెక్కడం ఈ పనిలో అతి ప్రమాదకరమైన అలవాటు. తొడ లోపలి భాగంలో పెద్ద రక్తనాళం ఉంటుంది, అక్కడ తెగితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఒక గట్టి బ్యాండేజి, కొంచెం గాజుగుడ్డ దగ్గర పెట్టుకోండి. స్వీడన్, ఫిన్లండ్‌లో అత్యవసర ఫోన్ నంబరు 112.

పదును లేని చాకుకు ఎక్కువ బలం పెడతాం, ఎక్కువ బలం పెట్టినప్పుడే అది జారుతుంది. చేయి అలసినా, చలికి వేళ్లు మొద్దుబారినా ఆపేయండి.

నాలుగు పట్లు

ఒకటి, పిడికిలి పట్టు. పిడిని నిండుగా పట్టి, మణికట్టు కదలకుండా భుజం నుంచి తోస్తూ ఒంటికి దూరంగా చెక్కడం. ఎక్కువ చెక్క తొందరగా తీసేయడానికి ఇది. పిడికి ఆనుకుని ఉన్న అంచుతో మొదలుపెట్టి, మొన వైపు జారుతూ ముగించండి. నేరుగా తోస్తే చాకు బిగుసుకుంటుంది, ఏటవాలుగా జారిస్తే సునాయాసంగా తెగుతుంది.

రెండు, బొటనవేలి తోపు. చెక్క పట్టిన చేతి బొటనవేలు చాకు వెన్ను మీద పెట్టి, ఆ వేలితోనే ముందుకు తోయాలి. చాకు పట్టిన చేయి దారి చూపిస్తుందంతే. కదలిక చిన్నది కాబట్టి జారినా దూరం పోదు. గాట్లు, మూలలు, సన్నటి పనులన్నీ దీంతోనే.

మూడు, ఛాతీ దగ్గరి పట్టు. పదును బయటి వైపు ఉండేలా పిడిని తిప్పి పట్టి, రెండు చేతులూ ఛాతీకి ఆనించి, మోచేతులను రెక్కల్లా వెనక్కి లాగండి. వీపు కండరాల బలం చాకులోకి వస్తుంది. చాకు ఒంటికి దూరంగానే కదులుతుంది. ఎండిన కట్టెకు, ముడులున్న చోటుకు ఇంతకన్నా మంచి పట్టు లేదు. ఒకసారి అలవాటైతే దీన్నే ఎక్కువ వాడతారు.

నాలుగోది ఒంటివైపు లాగే పట్టు, వంటింట్లో బంగాళదుంప తొక్క తీసే తీరు. బొటనవేలు చెక్క చివరకు కింద, చాకు దారికి పక్కగా ఉండాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి మూడూ బాగా వచ్చాకే దీని జోలికి రండి.

చాకు మీద కర్రతో కొట్టి కట్టెలు చీల్చే వీడియోలు చాలా ఉన్నాయి. సన్నని తోక ఉన్న చాకుకు అది సరైన పని కాదు. బొటనవేలంత పుల్లలు చీల్చుకోవచ్చు, అంతకు మించితే గొడ్డలి తీయండి. ఆ దేశాల్లో చాకు పక్కన గొడ్డలి ఎప్పుడూ ఉంటుంది.

మొదటి పని: వెన్న రాసే చెక్క చాకు

ఫిన్లండ్‌లో విద్యావేత్త ఊనో సిగ్నేయస్ చొరవతో 1866లో ప్రజాపాఠశాలల్లో చేతిపని తప్పనిసరి పాఠమైంది. ఆ తర్వాత స్వీడన్‌లోని నేస్ అనే చోట ఒట్టో సాలమన్ నడిపిన శిక్షణాలయానికి ఎన్నో దేశాల ఉపాధ్యాయులు వచ్చి ఈ పద్ధతి నేర్చుకున్నారు. ఆ పాఠాల్లో పిల్లల చేతికి ముందుగా ఇచ్చే పనిముట్టు చాకే. స్వీడన్‌లో పిల్లలు చెక్కే మొదటి వస్తువుల్లో వెన్న రాసే చెక్క చాకు ఒకటి, ఆ ఇళ్లలో ఇలాంటిది ఒకటైనా కనిపిస్తుంది. అందరూ దీంతోనే మొదలుపెట్టాలని నా కోరిక, ఎందుకంటే పై పట్లలో మొదటి మూడూ ఇందులో వస్తాయి.

ముందుగా చెక్క. పచ్చి బిర్చ్ కొమ్మ మెత్తగా తెగుతుంది. జునిపర్ చెక్క అయితే సువాసన ఏళ్ల తరబడి పోదు. స్వీడన్‌లో, ఫిన్లండ్‌లో ఎవరి అడవిలోనైనా నడిచే హక్కు అందరికీ ఉంది, కానీ బతికున్న చెట్టు కొమ్మ విరవడానికి, బెరడు ఒలవడానికి యజమాని అనుమతి కావాలి. అడగడానికి మొహమాటపడకండి, చెట్లు కొట్టే రోజుల్లో సంతోషంగా ఇస్తారు. మన దగ్గర చేసేవాళ్లకు కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి చెక్కుడు సాధనకు హాయిగా ఉంటుంది, మరీ మెత్తన కాబట్టి రోజూ వాడే వస్తువుకు నిలవదు. పచ్చి వేపకొమ్మ గట్టిగానే ఉంటుంది, కాస్త చేదు తగులుతుంది.

మణికట్టంత లావున్న, ముడులు లేని కొమ్మను 20 సెంటీమీటర్లకు రంపంతో కోయండి. గొడ్డలిని నిలువుగా ఆనించి కొయ్య సుత్తితో కొట్టి సరిగ్గా మధ్యకు చీల్చండి. కొమ్మ నడుమ ఉండే బెండు భాగం తీసేయాలి, అది ఉంటే ఆరేటప్పుడు పగులు తప్పదు. ఒక సగాన్ని 3 సెంటీమీటర్ల వెడల్పు, ఒక సెంటీమీటరు మందం ఉన్న పలకగా చేయండి. ఇది పిడికిలి పట్టు, ఛాతీ పట్టుల పని. చీలిక నారను అనుసరిస్తుంది కాబట్టి పలక రంపంతో కోసినదానికన్నా బలంగా ఉంటుంది.

పెన్సిల్‌తో ఆకారం గీయండి. వెన్న రాసే భాగం వెడల్పుగా 8 సెంటీమీటర్లు, తర్వాత సన్నటి మెడ, తర్వాత చేతికి నిండుగా పిడి. మెడ దగ్గరే చాలామంది చెక్కను పగలగొడతారు. దానికి నివారణ ఇది: మెడ అతి సన్నగా ఉండాల్సిన చోట చాకును అడ్డంగా పెట్టి, అటూ ఇటూ ఊపుతూ 2 మిల్లీమీటర్ల లోతు గాటు పెట్టండి. ఇప్పుడు పిడి వైపు నుంచి ఆ గాటు దాకా చెక్కండి. తర్వాత రెండో వైపు నుంచి కూడా గాటు దాకానే. ఎప్పుడూ లావు నుంచి సన్నానికి, గట్టు మీద నుంచి పల్లానికి. పల్లం దాటి ఎదురు గట్టు ఎక్కితే నార లేచి చెక్క చీలుతుంది. చాకు చెక్కను తెంపకుండా పేళ్లుగా లేపుతోందంటే మీరు ఎదురు నారలో ఉన్నారన్నమాట, చెక్కను తిప్పి పట్టుకోండి.

ఆకారం వచ్చాక, అన్ని చోట్లా చివరి కొలత కన్నా 2 మిల్లీమీటర్లు ఎక్కువ మందం మిగిల్చి ఆపేయండి. కాగితపు సంచిలో చుట్టి నీడలో రెండు వారాలు ఆరనివ్వండి. ఎండలో, హీటరు పక్కన పెడితే పగులుతుంది. ఆరిన తర్వాత చాకును మళ్లీ నూరి, బొటనవేలి తోపుతో పొడవాటి పలుచటి పొరలు తీస్తూ చివరి ఆకారానికి తెండి. చివరి కోతలు పదునైన చాకువైతే ఉప్పుకాగితం అక్కర్లేదు. చాకు కోసిన ఉపరితలం మెరుస్తుంది, ఉప్పుకాగితం రుద్దినది తడి తగలగానే గరుకెక్కుతుంది. అంచులన్నిటి మీదా చిన్న ఏటవాలు కోత వేస్తే చేతికి గుచ్చుకోదు.

చివరగా తినడానికి పనికొచ్చే అవిసె నూనె గుడ్డతో పట్టించి, గంట తర్వాత మిగిలినది తుడిచేయండి. రెండు మూడు వారాల్లో అది గట్టిపడుతుంది. నూనె పట్టించిన గుడ్డను ఉండచుట్టి పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి పోగై గుడ్డ దానంతట అదే అంటుకోగలదు. ఆరుబయట విడదీసి ఆరేయండి.

నిప్పు దగ్గర

తడిసిన అడవిలో కూడా లావు కట్టె లోపలి భాగం పొడిగా ఉంటుంది. దాన్ని గొడ్డలితో చీల్చి, లోపలి నుంచి బొటనవేలంత లావున్న ముడులు లేని పుల్ల తీసుకోండి. దాని కింది భాగం మొద్దు మీద ఆనించి, చేయి తిన్నగా ఉంచి, చాకును పైనుంచి కిందికి జారవిడవండి. పొర పూర్తిగా తెగకముందే ఆపాలి. ప్రతి కోతకూ పుల్లను కొంచెం తిప్పితే వలయాలు వలయాలుగా పొరలు లేచి కుచ్చులా తయారవుతుంది. మణికట్టు తిప్పకండి, నడుము వంచుతూ ఒంటి బరువుతో దించండి. ఇలాంటివి నాలుగు చేస్తే ఒక్క అగ్గిపుల్ల చాలు. పడిపోయిన బిర్చ్ మొద్దు బెరడు దొరికితే ఇంకా మేలు, అందులో నూనె ఉండడంతో తడిగా ఉన్నా మండుతుంది. వేసవిలో నిప్పు నిషేధం అమల్లో ఉందేమో ముందు చూసుకోండి. ఫిన్లండ్‌లో బహిరంగంగా నిప్పు పెట్టాలంటే స్థలం యజమాని అనుమతి ఉండాలి.

తిండి పనికి పెద్దగా చెప్పేదేమీ లేదు. చేప పొట్ట కోసేటప్పుడు మొనను పైవైపు, చర్మం కింద నుంచి నడిపితే పేగులు తెగవు. కార్బన్ స్టీలు నిమ్మ, ఉల్లి, చింతపండు తగిలితే నల్లబడుతుంది. ఆ నలుపు తుప్పు కాదు, రక్షణే. పుట్టగొడుగులు కోసే ముందు మాత్రం అవి ఏవో తెలిసినవాళ్లకు చూపించండి.

పదును

కావాల్సినవి: 400 నంబరు రాయి, 1000 నంబరు రాయి, 4000 లేదా 6000 నంబరు రాయి, చెక్కపలకకు అతికించిన తోలు పట్టీ. నంబరు పెరిగేకొద్దీ రాయి గరుకు తగ్గుతుంది. ఒక్క రాయే కొనగలిగితే 1000 కొనండి. రాయి చదునుగా ఉండాలి. మధ్యలో గుంట పడితే గాజుపలక మీద తడి ఉప్పుకాగితం పరచి రాయిని రుద్ది చదును చేయండి.

రాయిని తడిగుడ్డ మీద కదలకుండా పెట్టి తడపండి. చాకు ఏటవాలు మొత్తానికీ మార్కర్ పెన్నుతో రంగు పూయండి. ఇప్పుడు బ్లేడును రాయి మీద పడుకోబెట్టి, అంచు వైపు నెమ్మదిగా వంచండి. ఏటవాలు రాయికి పూర్తిగా ఆనినప్పుడు బ్లేడు ఊగకుండా స్థిరపడుతుంది, అది వేలికి తెలుస్తుంది. రెండో చేతి రెండు వేళ్లు ఏటవాలు మీదే నొక్కి పెట్టి, అంచు ముందుండేలా తోయండి. మొన దగ్గర బ్లేడు వంపు తిరుగుతుంది కాబట్టి పిడిని కొద్దిగా ఎత్తుతూ రావాలి. రెండు మూడు తోపుల తర్వాత రంగు చూడండి. అంచు దగ్గర రంగు మిగిలితే చాకును ఇంకొంచెం వంచాలి, పైన మిగిలితే తక్కువ వంచాలి. ఈ రంగు పరీక్ష కోణం సరిగా ఉందో లేదో వెంటనే చెబుతుంది.

ఒకవైపు నూరుతూ ఉంటే రెండో వైపు అంచు మీద కంటికి కనిపించని లోహపు మడత లేస్తుంది. బొటనవేలిని వెన్ను నుంచి అంచు అవతలికి, అడ్డంగా జరిపితే చిన్న గరుకు తగులుతుంది. అంచు వెంబడి మాత్రం ఎప్పుడూ వేలు జరపకండి. పిడి నుంచి మొన దాకా ఆ గరుకు తగిలేంత వరకు వైపు మార్చకూడదు. పదునెక్కలేదని నిరాశపడేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు. మడత పూర్తిగా వచ్చాక రెండో వైపూ అంతే. తర్వాత ఒక్కో వైపు ఒక్కో తోపు, ఒత్తిడి తగ్గిస్తూ తగ్గిస్తూ చాకు బరువు మాత్రమే మిగిలేదాకా. ఆ తర్వాత సన్నటి రాయి మీద ఇదే పని, ఇప్పుడు సమయం తక్కువే పడుతుంది.

చివరికి తోలు పట్టీ. పాతకాలం మంగలి కత్తికి చేసినట్టే, అంచు వెనకుండేలా, వెన్ను ముందుండేలా లాగండి. తోలుకు ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ పేస్టు పూసి ఒక్కో వైపు 20 సార్లు. లాగడం చివర మణికట్టు పైకి లేపితే అంచు గుండ్రబడుతుంది.

కాగితం కోసి చూడడం సరదాకే. అసలు పరీక్ష మెత్తటి పైన్ ముక్కను నారకు అడ్డంగా కోయడం. కోసిన చోటు మెరుస్తూ, నలగకుండా ఉంటే పదును వచ్చినట్టు. తెల్లటి గీతలు కనిపిస్తే అంచులో ఆ చోట చిన్న గంటు మిగిలిందని అర్థం.

గట్టి ముడులు, ఎండిన కొమ్ము మీద పని చేస్తే ఇంత సన్నటి అంచు మడతపడొచ్చు. అప్పుడు చివరి రాయి మీద వెన్నును ఒక వెంట్రుకవాసి పైకెత్తి ఒక్కో వైపు నాలుగు తోపులు వేయండి. అంచుకు బలం వస్తుంది. వి ఆకారపు సందులోంచి లాగే పదును పరికరాలు దీనికి వద్దు, వాటి కోణం వేరు, ఏటవాలును పాడుచేస్తాయి. సైకిల్ సాన, కరెంటు సాన కూడా వద్దు. చక్రం వేడికి అంచు నీలం రంగుకు తిరిగితే అక్కడి ఉక్కు మెత్తబడిపోయినట్టే.

రోజూ వాడే చాకుకు పని ముందు తోలు పట్టీ, నెలకోసారి 1000 రాయి సరిపోతాయి. 400 రాయి అంచు చిట్లినప్పుడే.

పని తర్వాత

కడిగి వెంటనే తుడవండి. కార్బన్ స్టీలుకు కొబ్బరినూనె చుక్క ఒకటి రాస్తే చాలు. డిష్‌వాషర్‌లో వేస్తే పిడి ఉబ్బి పగులుతుంది. తడి చాకును తోలు ఒరలో పెట్టి మర్చిపోకండి, తోలులోని తేమ, తోలును శుద్ధి చేయడానికి వాడిన రసాయనాలు కలిసి ఉక్కును తినేస్తాయి. నెలల తరబడి దాచాలంటే ఒర బయటే ఉంచండి. చెక్క పిడికి ఏడాదికి ఒకటి రెండుసార్లు అవిసె నూనె. ఒర తోలుకు మైనం కొంచెమే, ఎక్కువైతే మెత్తబడి చాకును పట్టి ఉంచదు.

చట్టం, ప్రయాణం

స్వీడన్‌లో 1988 నాటి చట్టం ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో సరైన కారణం లేకుండా చాకు దగ్గర ఉంచుకోకూడదు. పనిలో ఉన్న వడ్రంగి, అడవిలో ఉన్న వ్యక్తి సరే. మెట్రోలో, బార్‌లో, బడి ఆవరణలో అదే చాకు నేరం. ఫిన్లండ్, నార్వేల్లోనూ ఇదే ధోరణి. కాబట్టి అడవికి వెళ్లే దారిలో చాకు సంచి అడుగున ఉండాలి, బెల్టుకు అడవిలోనే తగిలించాలి. తిరిగొచ్చేటప్పుడు సూపర్‌మార్కెట్‌లోకి దిగే ముందు ఒకసారి నడుము తడిమి చూసుకోండి.

ఇండియాకు తెచ్చేవాళ్లు చెక్-ఇన్ సామానులోనే, ఒరతో సహా గట్టి అట్టలో చుట్టి పెట్టండి. క్యాబిన్ బ్యాగులో ఉంటే సెక్యూరిటీ దగ్గరే తీసేసుకుంటారు. మన ఆయుధ నియమాలు 9 అంగుళాల కంటే పొడవైన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన బ్లేడుల గురించి మాట్లాడతాయి, ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఇస్తాయి. మోరా చాకు బ్లేడు 4 అంగుళాలే. అయినా ఊళ్లో బెల్టుకు కట్టుకుని తిరగకండి. తోటలో, వర్క్‌షాపులో, చెక్క ముందు కూర్చున్నప్పుడు కట్టుకోండి.